తొమ్మిదింటికే వచ్చిన రిపోర్టు

నేను ఒక కంప్యూటర్ని. పెద్దాసుపత్రి మూడో అంతస్తులో, ఆడవాళ్ల వార్డులో ఉంటాను. ఏదో ఫ్యాక్టరీలో పుట్టి, లారీలో ఒళ్లు హూనం చేసుకుని ఇక్కడ దిగిన రోజు నాకు బొట్టుపెట్టి కొబ్బరికాయ కొట్టారు. ఆ తర్వాత ఆరు నెలలు ప్లాస్టిక్ ముసుగు తియ్యలేదు, పాడైపోతానట! ఈ మనుషుల ముద్దూ మురిపెం ఇలాగే ఉంటాయి.

ముసుగు తీశాక హౌస్‌సర్జన్ల చేతిలో పడ్డాను. డాక్టరు చదువు చదివి, ఇక పని నేర్చుకునే ఏడాది వాళ్లది. ముప్పైయెనిమిది మంచాలకి రోజూ నోట్సు రాయాలి. పాపం, పిల్లలు ఏం చేస్తారు? నిన్నటి నోట్సే కాపీ చేసి ఇవాళ్టి తేదీ కింద అతికించేస్తారు. ఏటా జట్టు మారినా ఆ విద్య మాత్రం సీనియర్ల నుంచి జూనియర్లకి భద్రంగా అందుతుంది.

వాళ్లలో హిమజంటే నాకు ప్రాణం. రోగుల్ని పేరుపెట్టి పలకరిస్తుంది. పదకొండో మంచం మీద నూకరత్నం ఉండేది, కిడ్నీ జబ్బు మనిషి. ఆమె భర్త సింహాచలం గంటకోసారి వచ్చి, "రిపోర్టు వొచ్చిందేటమ్మా?" అని అడిగేవాడు.

ఆ రోజు తొమ్మిదింటికే వచ్చింది. రక్తంలో పొటాషియం ప్రాణం మీదకి వచ్చేంత పెరిగిందని ఎర్రటి అక్షరాలతో తెరమీద పెట్టాను. తొమ్మిదిన్నరకి హిమజ వచ్చి, ఆవలిస్తూ నిన్నటి నోట్సు అతికించింది: 'నిలకడగా ఉంది. రిపోర్టు రావాలి.' పైనున్న ఎర్రటి అక్షరాల్ని చూడనేలేదు. తల్లీ, ఒక్కసారి కళ్లెత్తు అని ఎంత మొత్తుకున్నానో! నోరు లేని జన్మ, ఏం లాభం? పన్నెండింటికి నూకరత్నం గుండె ఆగిపోయింది. నాకు గుండె లేదంటారు, మరి అప్పుడు లోపల పగిలిందేమిటో.

సాయంత్రం కాగితాలు పూర్తిచెయ్యడానికి కూర్చున్నప్పుడు హిమజ ఆ రిపోర్టు చూసింది. వచ్చిన టైము రెండుసార్లు చదివింది. వెనక నిలబడ్డ సీనియర్ గొంతు తగ్గించి, "పొద్దున రాసిన ఆ లైను మార్చెయ్ హిమజా. ఎవడు చూడొచ్చాడు?" అన్నాడు. ఆమె వేలు మీట మీదికి వెళ్లి ఆగింది.

అంతలో సింహాచలం వచ్చాడు. "రిపోర్టు బేగి వొచ్చుంటే మా రత్నం బతికుండేదేటమ్మా?"

హిమజ వేలు తీసేసింది. "పొద్దున్నే వచ్చింది బాబాయ్. నేనే చూడలేదు."

సింహాచలానికి అక్షరమ్ముక్క రాదు. అయినా "ఏదమ్మా?" అంటూ దగ్గరికొచ్చి, నా ముందు వంగి చూశాడు.

"ఇంతెర్రగా ఉంది కదా తల్లీ," అన్నాడు.