పదహారు టిక్కులు

మా లిండెన్ ఊళ్లో మా అక్క కూతురు కెజియా చదివే స్కూల్లో, పై రెండేళ్లకు సబ్జెక్టులు ఎంచుకునే కాగితం మీద హెడ్‌మిస్ట్రెస్ బోవెల్ ముందే పదహారు టిక్కులు పెట్టేసింది. పిల్ల సంతకం పెట్టడమే తరువాయి.

"పేపర్లో ఫోటో పడాలంటే పదహారు పరీక్షలు రాయాలి," అంది బోవెల్. "నిరుడు మన స్కూలు కుర్రాడు డెల్‌రాయ్ పదిహేడు రాశాడు."

"రాస్తూ రాస్తూ హాల్లోనే పడిపోయాడుగా మిస్! ఆ ఫోటో వెయ్యలేదేం?" అన్నాను.

"చేపలమ్మేదానివి, నీకేం తెలుసు?"

"అన్నం తింటూనే ఇది కంచం ముందు నిద్రపోతోందని తెలుసు."

కెజియా నా చెయ్యి పట్టుకుంది. "ఊరుకో పిన్నీ! తగ్గిస్తే మంచి సెక్షన్ నుంచి తీసేస్తారు."

"డాక్టరు చదువుకి ఏవి కావాలే?"

"లెక్కలు, ఇంగ్లీషు, మూడు సైన్సులు. ఇంకో మూడు నాకిష్టం."

"మిగతా ఎనిమిది?"

"స్కూలు గోడమీద, ఎక్కువ రాసినవాళ్ల పేర్ల బోర్డు కోసం."

ఆ మాట తన నోట్లోంచే వచ్చేసరికి, కలం తీసుకుని ఆ ఎనిమిదీ తనే ఒక్కొక్కటిగా కొట్టేసింది. ఫిజిక్స్ అంటే దానికి హడల్. అక్కడ కలం ఆగింది, కానీ కొట్టెయ్యలేదు.

"ఎనిమిదిలో ఒక్కటి తప్పినా నీ మొహం నాకు చూపించకు," అంది బోవెల్.

కెజియా మొహంలో నెత్తురు చుక్క లేదు. అలాగే సంతకం పెట్టింది.