వేళ్లకు అందని చప్పుడు

గోపాలకృష్ణ ఏ బండిని ట్రయలుకు తీసినా పక్క సీట్లో పద్మజ ఉండాల్సిందే. ఈ సంగతి తెనాలి నుంచి ఇటు రేపల్లె, అటు బాపట్ల దాకా టర్బో బళ్ల పిచ్చి ఉన్న కుర్రాళ్లందరికీ తెలుసు. ఎందుకుండాలో మాత్రం ఒక్కరికీ తెలియదు. గురువుగారికి సెంటిమెంటని కొందరు, పిన్నిగారికి షికారని కొందరు అనుకునేవారు. ఈ వయసులో కూడా మొగుణ్ణి ఒంటరిగా వదలదురా అని చాటున నవ్వుకునేవాళ్లూ లేకపోలేదు. వాళ్లు ఏమనుకున్నా పద్మజకు అభ్యంతరం లేదు, నిజం ఒక్కటి తప్ప.

నిజమేమిటంటే గోపాలకృష్ణకు ఈల వినపడదు.

మనిషి మాట వినపడుతుంది. లారీ హారన్ వినపడుతుంది. సన్నటి చప్పుళ్లే పోయాయి. కుక్కరు కూత, సెల్‌ఫోన్ అలారం, కిటికీ మీది పిచ్చుకలు ఒక్కొక్కటే చెప్పాపెట్టకుండా వెళ్లిపోయాయి. పద్దెనిమిదో ఏట డీజిల్ పంపుల షాపులో చేరి ముప్ఫయ్యేళ్లు ఆ రొదలో నిలబడ్డ చెవులవి. గుంటూరులో డాక్టరు పరీక్ష చేసి, పోయినవి తిరిగి రావన్నాడు. చెవిలో పెట్టుకునే మిషను ఒకటి కొన్నారు. దానితో ఇంకో చిక్కు వచ్చింది. ఎడతెగని ఈల వినిపిస్తే ఆ మిషను అది తన సొంత కూతే అనుకుని అణిచేస్తుంది. దాన్ని అలాగే తయారుచేశారట. లోకంలోని మాటలన్నీ వినిపించి, ఆయనకు కావలసిన ఒక్క చప్పుడును మాత్రం మింగేసేది. వారం రోజులు పెట్టుకుని, తీసి బీరువాలో పడేశాడు.

పోయింది ఈలే కదా అని సరిపెట్టుకోవడానికి లేదు. టర్బో అంటే అరచేతిలో పట్టే చిన్న చక్రం. ఇంజను వదిలే పొగ దాన్ని తిప్పుతుంది, అది తిరిగి ఇంజనులోకి గాలిని కుక్కుతుంది. నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరిగే చక్రం ఈల వేయక ఏం చేస్తుంది? ఆ ఈల శుభ్రంగా ఉందా, వణుకుతోందా, బొంగురుపోయిందా అన్నదాన్ని బట్టి లోపలి సంగతంతా చెప్పేవాడు గోపాలకృష్ణ. కంప్యూటర్ పని బాపట్ల సాయికుమార్‌ది. అతను ల్యాప్‌టాప్ తగిలించి, ఎంత డీజిలు పోవాలో, ఎంత గాలి కొట్టాలో మార్చి రాస్తాడు. చదువుకున్నవాడు, నిదానస్తుడు. అతను కూడా "గురువుగారు విని సరేనంటే ఇంకాస్త పెంచుతానండి" అనేవాడు. తెనాలి మారీసుపేటలో వాళ్ల ఇంటిని ఆనుకున్న రేకుల షెడ్డుకు బోర్డు లేదు. ఆయన చెవులే బోర్డు. అవి పనిచేయడం లేదని తెలిసిన రోజున అక్కడికి ఎవరూ బండి తీసుకురారు. అది ఆయనకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

మూడేళ్ల కిందట ఆయనే అడిగాడు. "నువ్వు పక్కన కూర్చో పద్మా. ఏం వినపడితే అది వేళ్లతో చూపించు."

డాష్‌బోర్డు మీద ఆమె కుడిచెయ్యి ఉంటుంది. ఒక వేలంటే ఈల శుభ్రంగా ఉంది. రెండంటే వణుకుతోంది. మూడంటే బుస, ఎక్కడో గాలి లీకవుతోంది. నాలుగంటే టిక్కు టిక్కుమని కొట్టుకుంటోంది. అయిదూ చాచితే ఆపెయ్యమని. బీఎస్సీలో చదివిన ధ్వని పాఠం పరీక్షతోనే మరిచిపోయింది కానీ, పద్మజ పట్టిన పని వదిలే మనిషి కాదు. ఆర్నెల్లు తిరిగేసరికి వంటింట్లో పోపు వేస్తూనే, వీధిలో పోతున్న బండికి గాలి పైపు వదులైందని చెప్పగలిగింది. కుర్రాళ్ల మెచ్చుకోళ్లన్నీ ఆయన తల వంచుకుని అందుకునేవాడు. ఆమెకు అందులో ఏ కష్టమూ తోచలేదు.

అయితే ఈమధ్య రెండుసార్లు పొరపాటు పడింది. రేపల్లె రాజారత్నం బండిలో మూడు వేళ్లు చూపించింది. ఆయన పైపులన్నీ విప్పి ఒక పూటంతా వెతికాడు, లీకు లేదు. ఇంకోసారి నాలుగు చూపించింది. తీరా చూస్తే డిక్కీలో స్పానరు దొర్లుతోంది. "ఏంటి బాబాయ్, మీరు కూడా అందరిలా విప్పి వెతుక్కోవడం మొదలెట్టారా?" అన్నాడు రాజారత్నం. నవ్వుతూనే అన్నాడు. ఆ రోజు అన్నం దగ్గర గోపాలకృష్ణ, "ఖాయంగా తెలిస్తేనే వేలెత్తు. అనుమానాలు నాకే బోలెడున్నాయి" అన్నాడు.

వాడరేవు వీరబాబు బండి వచ్చింది ఆ తర్వాతే.

వీరబాబు ఇంట్లో మూడు తరాలుగా సముద్రం మీద వేట. ఇతను చేపల ఎగుమతి చూసుకుంటాడు. తెల్లటి చిన్న డీజిల్ కారు ఒకటుంది. దాన్ని చూసుకున్నంత ముద్దుగా పెళ్లాన్ని చూసుకుంటే బాగుండునని వాళ్లమ్మ పేరంటాలు ఊరందరికీ చెబుతుంది. ఆ బండికి కంపెనీ టర్బో తీసేసి పెద్దది వేయాలని పట్టుబట్టాడు. గురువారం నాడు గోపాలకృష్ణ సొంత చేతుల్తో బిగించాడు.

శుక్రవారం పొద్దున కొల్లూరు దారిలో ట్రయలు. అరటి గెలల లారీని దాటాక దారి ఖాళీగా కనిపించింది. ఆయన మూడో గేరులో వేసి తొక్కాడు. ఈల పైకి లేచింది. పద్మజ ఒక వేలు ఎత్తింది. బండి ముందుకు దూకింది. అప్పుడు, ఆ ఈల అడుగున, ఇంకేదో వినిపించింది. బుస కాదు. వణుకు కాదు. కొట్టుకోవడమూ కాదు. కొత్త స్టీలు గిన్నె మీద గోరు గీసినంత సన్నగా, ఒక్క క్షణం.

ఆమె మూడు వేళ్లు ఎత్తబోయి మడిచేసింది.

"ఏంటి?" అన్నాడు ఆయన రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

"మళ్లీ ఒకసారి తొక్కండి."

మళ్లీ తొక్కాడు. ఉన్నట్టే ఉంది, లేనట్టే ఉంది.

"మూడా?"

"మూడు కాదండీ. ఏదీ కాదు. గీస్తున్నట్టుంది."

"ఎక్కడ?"

"ఈల లోపల."

కాలవ గట్టున బండి ఆపి బానెట్ ఎత్తాడు. పైపుల బిగింపులన్నీ ఒకసారి చూసుకున్నాడు. "నిన్నే కదా వేశాను. ఇరుసు పట్టుకుని ఊపి మరీ చూశాను, వెంట్రుకవాసి కదల్లేదు. ఈల లోపల ఏముంటుంది పద్మా, ఈలే ఉంటుంది." గుడ్డతో చేతులు తుడుచుకుని ఆమె వైపు తిరిగాడు. "ఖాయంగా చెప్పు. ఉందా, లేదా?"

వేళ్లు అయిదే ఉన్నాయి. ఆ చప్పుడుకు వాళ్లు ఏ వేలూ కేటాయించలేదు.

"తెలియదండీ" అంది.

"అయితే లేనట్టే" అని బానెట్ మూశాడు.

శనివారం మధ్యాహ్నం వీరబాబు బండి కోసం వచ్చాడు. గోపాలకృష్ణ స్నానానికి వెళ్లాడు. పద్మజ మజ్జిగ ఇచ్చింది. వీరబాబు గుక్కెడు తాగి, బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"పిన్నిగారూ, రేపు బాపట్ల దగ్గర కొత్త రోడ్డు మీద అందరం కలుస్తున్నామండి. మీరు కూడా రావాలి. మీరు లేకపోతే బాబాయ్ కదలడుగా."

"వస్తాంలే."

"మీరు కూర్చున్నారుగా నిన్న. ఎలా ఉందండి బండి?" వేళాకోళానికే అడిగాడు. అడిగి, జవాబు కోసం నిలబడ్డాడు.

చెప్పడానికి ఒక్క మాట చాలు. రేపు వద్దు, ఇంకోసారి విప్పి చూడమను, ఏదో గీసుకుంటోంది అంటే సరి. వీరబాబు లోపలికి వెళ్లి, పిన్నిగారికేదో వినపడిందటండి బాబాయ్, మీకు వినపడలేదా అని అడుగుతాడు. ఆ ప్రశ్నకు తడి తుండుతో నిలబడిన గోపాలకృష్ణ ముఖం ఆమె కళ్ల ముందు కదిలింది.

"బాబాయ్ చూశారుగా" అంది.

"అంతేలెండి, ఆయన చూశాక ఇంకేముంది" అని గ్లాసు అరుగు మీద పెట్టి వెళ్లిపోయాడు. బండి వీధి మలుపు తిరిగేదాకా పద్మజ చెవి వొగ్గి వింది. నెమ్మదిగా పోతున్న బండి ఏమీ చెప్పదు.

బాపట్ల శివార్లలో ఇంకా తెరవని రోడ్డు ముక్క ఒకటుంది. ఆదివారం ఏడింటికే అక్కడ ఎనిమిది బళ్లు చేరాయి. ఇడ్లీ పొట్లాలు, నవ్వులు, ఒకరి బానెట్లో ఒకరు తలలు దూర్చడాలు. సాయికుమార్ ల్యాప్‌టాప్ పట్టుకుని గోపాలకృష్ణ పక్కనే నిలబడ్డాడు. పద్మజ పది అడుగుల అవతల గొడుగు వేసుకుని నిలుచుంది.

"చేపల వాసన ముందొచ్చి బండి వెనకొస్తే ఒప్పుకోం రోయ్" అని ఎవరో వీరబాబును ఉడికించారు.

"వాసన నీదాకా వచ్చేసరికి నేను చీరాలలో ఉంటా" అని అతను గేరు వేశాడు.

బండి పోయింది. ఈల లేచింది. దానిలోంచి ఆ గీసే చప్పుడు లేచింది, ఈసారి సన్నగా కాదు, అంబులెన్సు కూత దూరం నుంచి వచ్చినట్టుగా. ఇడ్లీ తింటున్నవాళ్లు ఆగారు. అందరి తలలూ ఒక్కసారి అటు తిరిగాయి. గోపాలకృష్ణ తల తిరగలేదు. ఆయన చేతులు కట్టుకుని, బండి పరుగు చూస్తూ తృప్తిగా నిలబడి ఉన్నాడు.

"గురువుగారూ, ఆపమందామా?" అన్నాడు సాయికుమార్.

"ఎందుకూ?"

"ఆ సౌండండీ."

"ఏం సౌండు? శుభ్రంగా పోతోందిగా."

సాయికుమార్ ఆయన ముఖంలోకి చూశాడు. తర్వాత పద్మజ వైపు చూశాడు. ఆమె చెయ్యి అప్పటికే అయిదు వేళ్లూ చాచి ఉంది. గోపాలకృష్ణ ఇటు చూడనే లేదు. పక్క సీటు కాదుగా అది.

వీరబాబు చివరిదాకా పోయి, తిరిగి, మళ్లీ తొక్కుకుంటూ వస్తున్నాడు. సాయికుమార్ చేతులూపుతూ రోడ్డు మీదికి పరుగెత్తేలోగానే ఠప్పుమని ఏదో పగిలింది. తెల్లటి పొగ కమ్ముకుంది. పగిలిన టర్బోలోంచి ఆయిలు ఇంజనులోకి పోయి, డీజిలుకు బదులు అదే మండటం మొదలైంది. తాళం తీసేసినా ఇంజను ఆగలేదు. ఎవరూ తొక్కకుండానే దాని అరుపు పెరిగిపోతోంది. వీరబాబు దిగి దూరంగా పరుగెత్తాడు. ఆ రొద గోపాలకృష్ణకు కూడా వినపడింది. ఆ పొగలోకి వెళ్లినవాడు ఆయనొక్కడే. సీట్లో కూర్చుని, అయిదో గేరు వేసి, బ్రేకు అదిమిపట్టి, క్లచ్ ఒక్కసారిగా వదిలేశాడు. బండి వణికి, ఎగిరి, చచ్చిపోయింది. కింద నల్లటి ఆయిలు మడుగు కట్టింది.

ఎవరికీ ఏమీ కాలేదు. ఇంజను మాత్రం ఇక పనికిరాదని చెప్పడానికి బానెట్ ఎత్తనక్కర్లేదు.

వీరబాబుకు కోపం వస్తే బాగుండేది. అతను తెల్లబోయి వచ్చి, పిల్లవాడిలా అడిగాడు. "అంతలా అరిచింది కదండి బాబాయ్, మీకు వినపడలేదా?"

విన్నాననే అంటాడని పద్మజ అనుకుంది. ఏదో ఒకటి చెప్పగల మనిషే.

"లేదురా" అన్నాడు గోపాలకృష్ణ. కింద మడుగు కట్టిన ఆయిలు వైపు చూస్తూ, "చాన్నాళ్లుగా" అన్నాడు.

 రాజారత్నం ఒకసారి ఆమె వైపు, ఒకసారి బండి పక్క సీటు వైపు చూసి తల దించుకున్నాడు. ఆ తర్వాత అందరూ చాలా మంచిగా ఉన్నారు. కుర్చీ వేశారు. నీళ్లిచ్చారు. "బాబాయ్, టీ తాగుతారా? టీ?" అని వంగి, గట్టిగా అరిచి అడిగారు. ఆయనకు మాటలు మామూలుగానే వినపడతాయి. అయినా ఆ క్షణం నుంచీ ఆయనతో మామూలుగా మాట్లాడినవాళ్లు లేరు. పద్మజను ఎవరూ ఏమీ అడగలేదు. శనివారం నాటి తన ప్రశ్న వీరబాబుకు గుర్తు రాలేదు.

సోమవారం ఆ బండిని తాడు కట్టి లాక్కొచ్చి షెడ్డులో వదిలారు. వేరేచోటికి తీసుకెళ్తానని వీరబాబు అనలేదు. సాయికుమార్ ఒక్కడే ఫోన్ చేసి, "తొందరేం లేదండీ గురువుగారూ" అన్నాడు, అరుస్తూనే.

గోపాలకృష్ణ టర్బో విప్పాడు. ఇరుసు కాలి నీలంగా మారింది. దానికి ఆయిలు వచ్చే సన్నటి గొట్టంలో సూది దూర్చి, చివర అతుక్కున్నదాన్ని పాత పేపరు మీద రాల్చాడు. ఆవగింజంత ఎర్రటి ముక్క. షెల్లాక్ జిగురు. ఆయిలు కారకుండా ప్రతి జాయింటుకూ అది పట్టించడం లారీ రోజుల నుంచీ ఆయన చేతికున్న అలవాటు. లారీ గొట్టాలు లావు, ఎక్కువైనా కొట్టుకుపోతుంది. ఈ గొట్టం రంధ్రం పెన్సిలు ముల్లంత లేదు. ఆయిలు అందక ఇరుసు అరిగి, చక్రం పక్క గోడను గీరింది.

"గీస్తున్నట్టుంది అన్నావు" అన్నాడు, తల ఎత్తకుండా.

"అవునండి."

"నాకు తెలిసిన చప్పుడే అయ్యుండాలి. వింటే చెప్పేవాణ్ణి. ఎలా ఉంది? నోటితో చేసి చూపించు."

పద్మజ చుట్టూ చూసింది. షెడ్డులో ఇంకెవరూ లేరు. ఆమె పళ్లు బిగించి, నాలుక చివర పైకి ఆనించి, ఎంత సన్నగా వీలైతే అంత సన్నగా ఆ చప్పుడు చేసింది. బాగానే వచ్చింది. ఒళ్లు జలదరించేంత బాగా వచ్చింది.

ఆయన చేతిలో సూది అలాగే పట్టుకుని ఆమె పెదవుల వైపు చూస్తున్నాడు.

"మళ్లీ అను."

మళ్లీ చేసింది. ఆయన తల ఊపాడు, ఏదో పోల్చుకుంటున్నట్టు.

"ఇంకొక్కసారి."

మూడోసారి పద్మజ పెదవులు మాత్రం విప్పింది. ఊపిరి వదల్లేదు. ఆయన కళ్లు చికిలించి, చివరిదాకా విని, ఇందాకటిలాగే తల ఊపాడు.