గొరిల్లా నెత్తురు

గొరిల్లాల కాపరికి చదువు రాదు. నెత్తురు గొట్టాల మూతలను బట్టే పని నెట్టుకొచ్చేవాడు. గొరిల్లా నెత్తురుకు ఎర్రమూత, మనిషిదానికి నీలిమూత. అతను పనిచేసే గొరిల్లాల ఆశ్రయంలో నెలకోసారి జంతువులకూ, వాటిని సాకేవాళ్ల కుటుంబాలకూ ఒకే పూట నెత్తురు తీస్తారు. కాపరి తెచ్చిచ్చాక గొట్టాల మీద పేర్లు అక్కడి డాక్టరమ్మే రాసుకుంటుంది. మలేరియా క్రిమి ఏ కాలంలోనో గొరిల్లాల్లోంచే మనిషిలోకి దిగిందని డాక్టరమ్మ చెప్పేది. మైక్రోస్కోపులో గొరిల్లాల క్రిమీ మన క్రిమీ కవలల్లా ఉంటాయట, విడదీయాలంటే పట్నం పరీక్షే దిక్కట. గొరిల్లాలు ఆ క్రిమిని మోస్తూ హాయిగా తిరుగుతాయట, చచ్చేది మనమేనట.

ఆ నెల ఎర్రమూతలు నిండుకున్నాయి. ముసలి గొరిల్లా నెత్తురూ, అతని భార్య నెత్తురూ రెండూ నీలిమూతలతోనే చెరో చేతికొచ్చాయి. తలుపు గడియ తీయబోయి రెండు గొట్టాలూ ఒకే చేతిలోకి మార్చుకున్నాడు. ఆపైన ఏది ఏదో పోల్చుకోలేకపోయాడు. గొరిల్లాది ఏదని డాక్టరమ్మ అడిగితే, తెలియదంటే పరువు పోతుందని తడుముకోకుండా ఒకటి చూపించాడు.

సాయంత్రానికి ఫలితం తెలిసింది. గొరిల్లాలో క్రిమి ఉంది, అది మామూలే. డాక్టరమ్మ ఆ నెత్తురు పట్నం పరీక్షకు పంపింది. భార్యకు ఏమీ లేదు.

మూడోనాడు ఆమెకు చలీ జ్వరమూ మొదలయ్యాయి.

"ఇంకోసారి చూపించవయ్యా, ఒళ్లు కాలిపోతోంది."

"నీకేం లేదని డాక్టరమ్మే చెప్పిందిగా. పనెగ్గొట్టడానికి వంకలా?"

"సరే, నేను పోయాక నీ ముసలి గొరిల్లానే కట్టుకో" అని నవ్వి దుప్పటి ముసుగేసుకుంది.

తను చూపించిన గొట్టం సంగతి అతనికి గుర్తు రాకపోలేదు. కానీ సరైనదే చూపించి ఉంటానని మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

ఆరోనాడు డాక్టరమ్మ సంతోషంగా వాళ్ల గుమ్మంలోకి వచ్చింది. పట్నం పరీక్షలో గొరిల్లా నెత్తురులో ఉన్నది మనిషి క్రిమేనని తేలిందట. మననుంచి తిరిగి దానికే అంటుకుందంటే ఇదెంత పెద్ద సంగతో అని చెప్పుకుపోతోంది. లోపల భార్య జ్వరం సంధిలో ఏవేవో మాట్లాడుతోంది. చెబితే ఉద్యోగమూ పోతుంది, ఉంటున్న గదీ పోతుంది. అయినా చెప్పేశాడు.

"అది గొరిల్లాది కాదమ్మా. మా ఆవిడది."

డాక్టరమ్మ మందుకోసం పరుగెత్తింది. సూది గుచ్చేసరికే భార్యకు మొగుణ్ణి పోల్చుకునే తెలివి లేదు. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది.

డాక్టరమ్మ పట్నానికి ఫోను చేసి ఆ ఫలితం కొట్టేయమంది. తర్వాత స్టూలు లాక్కుని శవానికి దగ్గరగా, అతనికి దూరంగా కూర్చుంది. తిడుతుందని అతను ఎదురుచూశాడు. చాలాసేపు ఎదురుచూశాడు.