రెండో పక్క

సూపర్‌వైజరు ఆ తెల్లచొక్కాను అందరికీ కనపడేలా ఎత్తి పట్టుకున్నాడు. కాలరు కింద తడి మరక.

"ఎవరిదీ నిర్వాకం?" అన్నాడు, తెలిసే.

కాలర్లు కుట్టే పిల్ల తల దించుకుంది. మూడు నెలల పసివాడి తల్లి. జాకెట్టు రెండు వైపులా తడిసిపోయింది.

"కంపెనీ తరఫున పాలడబ్బా ఊరికే ఇచ్చాం కదా. ఇంకా ఈ కారడమేంటి?"

మేం నవ్వలేదు. నోరూ ఎత్తలేదు. అదీ మా సిగ్గుమాలినతనం.

మా లైనులో ఒకరు కుట్టింది మరొకరి చేతికి వెళ్తుంది. కాలరు రాకపోతే చొక్కా కదలదు. అందుకే ఎవరినీ లేవనివ్వరు. కాన్పయి తిరిగొచ్చిన ప్రతి తల్లికీ మేం ఒక విద్య నేర్పేవాళ్ళం. మరుగుదొడ్లోకెళ్ళి పాలు పిండి పారబోయాలి, గుడ్డపేలికలు జాకెట్లో కుక్కుకోవాలి. బిడ్డ నోటికందాల్సిన పాలు తూములో పోయించి, అదేదో సాయమనుకున్నాం.

భోజనాల వేళ కుళాయి దగ్గర ఆ పిల్ల తన గోడు చెప్పుకుంది.

"డబ్బాపాలు పడక వాడికి ఒకటే విరేచనాలక్కా. ఆరు నెలలు నిండేదాకా నా పాలు తప్ప మంచినీళ్ళు కూడా పట్టొద్దంది డాక్టరమ్మ. మా అత్తేమో నీ పాలు పలచనంటుంది. పొద్దంతా వాడు తాగకపోతే పాలెలా ఊరతాయి? తగ్గిపోతున్నాయి."

"నా రెండోదానికీ ఇలాగే ఎండిపోయాయి," అంది బొత్తాలు కుట్టే అక్క. "నా పాలకే ఏదో దోషముందనుకుని ఏడ్చాను. ఎండగట్టింది ఎవరో ఇప్పుడు తెలుస్తోంది."

"నాకు పిల్లల్లేరు. లైనాగితే తిట్లు మాత్రం నాకూ పడతాయి," అంది చేతిపట్టీలు కుట్టే పెద్దావిడ.

"మేనేజరుగారిని అడిగి చూద్దాం. అడగందే అమ్మయినా పెట్టదు," అన్నారెవరో.

"పెడతానంటున్న అమ్మనే కదే వాళ్ళు ఆపుతోంది," అంది బొత్తాల అక్క.

గంట మోగాక పెద్దావిడ కాలర్ల పిల్లతో, "మీ అత్తను రేపు పిల్లాణ్ణి తీసుకుని రమ్మను," అంది.

మర్నాడు అత్త వచ్చింది. వాచ్‌మన్ గేటు తియ్యలేదు. పసివాడి ఏడుపు లోపలికి వినపడింది. కాలర్ల పిల్ల లేచింది.

"కూర్చో," అన్నాడు సూపర్‌వైజరు.

పెద్దావిడ తన మిషను ఆపేసింది. ఆ పక్కది ఆగింది. దాని పక్కదీ ఆగింది. అందరం కలిసి గేటు దగ్గరికి నడిచాం. వాచ్‌మన్ మా ముఖాలు చూసి పక్కకు తప్పుకున్నాడు.

అత్తనూ పిల్లాణ్ణీ లోపలికి తీసుకొచ్చాం. గుడ్డ కత్తిరించే బల్లమీద కూర్చుని కాలర్ల పిల్ల వాడికి పాలిచ్చింది. వాడు గుటకలు వేస్తుంటే అత్త దగ్గరికొచ్చి వంగి చూసింది.

మేనేజరు ఫోన్ చేశాడు. పోలీసులొచ్చారు.

"లే," అన్నాడు ఎస్సై.

"ఒక పక్కే అయిందండి. రెండో పక్క తాగాలి," అని బిడ్డను తిప్పుకుంది. ఆ బల్ల చుట్టూ మేం నేలమీద కూర్చున్నాం. వాడు కడుపునిండా తాగి నిద్రపోయేదాకా వాళ్ళు నిలబడాల్సివచ్చింది.

ముందు మిషను ఆపిందని పెద్దావిడను వ్యాన్ ఎక్కించారు.

తెల్లారేసరికి తల్లులందరూ చంటిపిల్లలతో వచ్చి గేటు బయట రోడ్డుమీదే కూర్చుని పాలివ్వసాగారు. మిగతావాళ్ళమూ వాళ్ళ పక్కనే కూర్చున్నాం, లోపల ఒక్క మిషనూ తిరగలేదు. సరుకు ఆగిపోయింది, పాలిచ్చేందుకు గది ఇస్తాం, ముందు లోపలికి రండని మేనేజరు కబురంపాడు.

మా మనిషిని వదలమన్నాం. అందాకా పిల్లలు తాగుతుంటారు, మాకేం తొందర లేదన్నాం.