వెన్నులోంచి తీసిన నీళ్లు

ఆదిశేషమ్మ కొర్రమీనుకు బూడిద పూసి రాయి మీద తోముతూ ఉంది. వరండాలోంచి మొగుడు పద్మనాభయ్య కేక వేశాడు. "మేయ్, పులుసులో ఉప్పు ఒకసారే వెయ్యి."

పోయిన నెలలో రెండుసార్లు వేసింది. ఆ తర్వాతే ఆయన ఆమెను మద్రాసు తీసుకుపోయాడు. జ్వరమొస్తే తోటపల్లి గూడూరు దాటించని మనిషి.

మతిమరుపు ఇప్పటికి కొద్దిగానే ఉందని అక్కడి డాక్టరమ్మ చెప్పింది. ఇంతటితో ఆగేవాళ్లూ ఉంటారు, ముదిరేవాళ్లూ ఉంటారు. వెన్నులోంచి నీళ్లు తీసి, అందులోని ప్రోటీన్లు చూస్తే ఎటు పోతుందో కొంత తెలుస్తుంది. ఆదిశేషమ్మను పక్కకు తిప్పి, మోకాళ్లు పొట్టకు ముడిపించి, నడుములో సూది దించారు. నీళ్లు తేటగా ఉన్నాయి. మొన్న ఫలితం వచ్చింది. ఒక ప్రోటీను తగ్గింది, ఇంకోటి పెరిగింది. ముదిరే వైపే ఉందని డాక్టరమ్మ పద్మనాభయ్యకు చెప్పింది. ఆదిశేషమ్మ పక్క కుర్చీలోనే ఉంది.

"మరి నా షుగర్ మాత్రలు ఎవరు గుర్తు చేస్తారు మేడం?" అని ఆయన అడిగాడు.

బస్సులో మళ్లీ అన్నాడు. "ఇంట్లో ఏదెక్కడుందో నీకే గదా తెలిసేది. ఇట్టయితే ఎట్టమే?"

ఆ మాట ఆమెలో మెదులుతూనే ఉంది. ఆయన కళ్లజోడు, రొయ్యల గుంట మోటారు తాళం, కోడలు భానుప్రియకు పడని కూర, ఆడబిడ్డ అలిగిన కారణం, అన్నీ తన తలలోనే దాచిపెట్టి పోయారు వీళ్లు. చోటుందా అని ఎవరూ అడగలేదు. ఆ సామాను మధ్య తనది ఎక్కడుందని వెతికింది. పుట్టినూరు కోడూరు గట్టున అమ్మ తల దువ్వుతూ "శేషూ" అని పిలవడం ఒక్కటి దొరికింది. ఈ ఇంట్లో ఆ పేరు ఎవరికీ తెలియదు. అదీ పోతుంది. పూర్తిగా ఆపే మందు లేదన్నారు. ఏది ముందు పోతుందో మాత్రం ఆ సూదికీ తెలియదు.

"మేయ్," అంటూ పద్మనాభయ్య ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని దొడ్లోకి వచ్చాడు. "కొత్త అయ్యవారు అడుగుతుండాడు. మా అమ్మ తద్దినం ఏ తిథి?"

ఆశ్వయుజ బహుళ తదియ. అత్త పోయింది తన చేతుల్లోనే. తడిసిన దుప్పటి మార్చింది కూడా తనే.

ఆదిశేషమ్మ చేప తల కోసి పక్కన పెట్టింది.

"మర్చిపోయినానయ్యా," అంది.