ఎడమవైపు లాగిన బండి

క్యాథరిన్‌కి నొప్పులు మొదలయ్యేసరికి ఇంట్లో కారు నడపడం వచ్చినవాళ్లలో పెర్సిస్ ఒక్కతే ఉంది. పెర్సిస్ భర్త వెస్లీ చేపల మేత కోసం పొద్దున్నే భీమవరం వెళ్లాడు. క్యాథరిన్ అతని చెల్లెలు. తొలి కాన్పుకని మండవల్లిలో పుట్టింటికి వచ్చింది. డాక్టరు చెప్పిన తేదీ ఇంకా చాలా దూరంలో ఉంది. అంబులెన్సు ఎక్కడో ఉంది, ఆలస్యమవుతుందన్నారు. ఇక ఏలూరు ఆసుపత్రికి కారులోనే బయల్దేరారు.

షెడ్డులోంచి బండి తీస్తుంటే ముందువైపు ఎడమ టైరు కాస్త కూర్చున్నట్టు కనిపించింది పెర్సిస్‌కి. ఆ కారు కదిలి నెల దాటిపోయింది.

"అత్తయ్య గారూ, సెంటర్లో గాలి పెట్టించుకుని వెళ్దామండీ."

"పిల్ల మెలికలు తిరిగిపోతుంటే గాలేంటమ్మాయ్! ముందు పోనీ" అంది సారమ్మ, కూతురి తల ఒళ్లో పెట్టుకుంటూ.

పెర్సిస్ గేరు వేసి పోనిచ్చింది.

ఎడ్లగాడి వంతెన దాటాక రోడ్డుకి రెండువైపులా నీళ్లే. ఒకవైపు చేపల చెరువులు, మరోవైపు గుర్రపుడెక్క కమ్మేసిన కాలువ. స్టీరింగు బరువెక్కింది. వదిలితే చాలు, బండి ఎడమవైపుకి పోతోంది. వెనక క్యాథరిన్ అరిచినప్పుడల్లా పెర్సిస్ కాలు యాక్సిలరేటరు మీద ఇంకొంచెం నొక్కుకుంటోంది.

ఎదురుగా చేపల లారీ వచ్చింది. దారి ఇవ్వడానికి కొద్దిగా పక్కకి తిప్పింది. బండి కొద్దిగాతో ఆగలేదు. ఎడమ చక్రం తారు దిగి, మట్టి అంచు మీదికి జారింది. కాలువ అద్దానికి అంటుకున్నంత దగ్గరగా కనిపించింది. సడన్ బ్రేకు వేస్తే తిరగబడుతుందని భయం వేసి, కాలు తీసేసి, రెండు చేతులతో స్టీరింగుని బిగబట్టింది. బండి ఊగి, ఊగి, మెల్లగా ఆగింది.

"ఎందుకాపావ్?" అంది సారమ్మ.

"టైరండీ. ఇలా వెళ్తే నీళ్లలో పడతాం."

"నా కూతురికేమన్నా అయితే నీదే పూచీ!"

ఆ మాట పెర్సిస్ గుండెలో గుచ్చుకుంది. అయినా తలుపు తీసుకుని దిగింది. టైరు సగానికి సగం నలిగిపోయి ఉంది. చెయ్యి పెడితే చురుక్కుమంది. డిక్కీలో స్టెప్నీ తీసి నొక్కి చూస్తే అందులోనూ గాలి లేదు.

దాటిపోయిన లారీ కాస్త దూరంలో ఆగింది. డ్రైవరు పరుగెత్తుకొచ్చాడు. "ఏవండీ, బండి అలా లాగేస్తోందేంటండీ? గుండె ఆగిపోయిందండీ నాకు!" లోపలికి చూసి గతుక్కుమన్నాడు. వెంటనే లారీని వెనక్కి తెచ్చాడు. బ్రేకులకుండే గాలి ట్యాంకుకి గొట్టం తగిలించి లాక్కొచ్చాడు. ముందు గేజి పెట్టి చూశాడు. పద్నాలుగు. ఉండాల్సింది ముప్పైమూడు.

గాలి ఎక్కుతుంటే క్యాథరిన్ కిటికీలోంచి, "వదినా, నా వల్ల కావట్లేదు" అంది. మధ్యలో భర్త నెల్సన్ ఫోన్ చేస్తే, "దారిలో ఆగిపోయాం" అని ఏడ్చేసింది.

"అయిపోయిందండీ, ఎక్కెయ్యండి" అన్నాడు డ్రైవరు.

పెర్సిస్ ఎక్కలేదు. "మళ్లీ దిగిపోతుందేమో చూడండి. మిగతా మూడు కూడా చూసెయ్యండి."

"అమ్మాయ్!" అని అరిచింది సారమ్మ.

"ఒక్క నిమిషమండీ. మళ్లీ ఆగకూడదనే."

డ్రైవరు వేలు తడి చేసి వాల్వు మీద పెట్టాడు. చిన్న బుడగ లేచింది. వాల్వు పిన్ను బిగిస్తే బుడగ ఆగింది. వెనక కుడి టైరులోనూ గాలి తక్కువే ఉంది. అది నింపి, నలిగిన టైరు లోపలివైపు చేత్తో తడిమి చూశాడు. "చీరుకోలేదండీ. కానీ నలిగిన టైరు కదా, స్పీడు మాత్రం వద్దు."

స్పీడు వద్దంటే ఆ దారి ఎంత పొడుగో పెర్సిస్‌కి అప్పుడు తెలిసింది. వెనక నుంచి బైకులు దాటిపోతున్నాయి. సారమ్మ ప్రార్థన పైకే వినిపిస్తోంది. పెర్సిస్ చెవులు మాత్రం ముందు చక్రం మీదే ఉన్నాయి. ప్రతి గతుకుకీ వేగం తగ్గించింది. స్టీరింగు తిన్నగానే నిలిచింది.

ఆసుపత్రిలో చూసిన వెంటనే క్యాథరిన్‌ని ఆపరేషన్ గదిలోకి తీసుకుపోయారు. తాడేపల్లిగూడెం నుంచి నెల్సన్ వచ్చాడు. చెమటలు కక్కుతూ నేరుగా పెర్సిస్ దగ్గరికే వచ్చాడు.

"అంత నొప్పుల్లో ఉన్న మనిషిని పెట్టుకుని నడిరోడ్డు మీద ఎందుకాగారండీ? అక్కడే ఏదన్నా జరిగుంటే?"

పెర్సిస్ నోరు విప్పబోయింది. ఇంకా లోపలి నుంచి ఏ కబురూ రాలేదు.

బల్ల మీద నుంచి సారమ్మ లేచింది.

"ఆపమంది నేనేనండి అల్లుడు గారూ. టైరు చూడమందీ నేనే. ఏదన్నా అనాలంటే నన్ననండి."

నెల్సన్ తల దించుకున్నాడు. పెర్సిస్ అత్తగారి వైపు చూసింది. సారమ్మ చూపు తలుపు మీదే ఉంది.

చాలాసేపటికి నర్సు బయటికి వచ్చింది. "ఆడపిల్లండీ. తల్లి బాగానే ఉంది. పాప బరువు తక్కువ, కొన్నాళ్లు అద్దాల పెట్టెలో ఉంచాలి. భయం లేదు."

నెల్సన్ గోడకి చేరబడి ఏడ్చేశాడు. సారమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుని పెర్సిస్ దగ్గరికి వచ్చింది. కోడలి చేతులు రెండూ తన చేతుల్లోకి తీసుకుంది.

"పద, కిందికి వెళ్దాం. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్లయినా తాగలేదు నువ్వు."