మర్యాద తెలిసిన కాళ్ళు

అయ్యా, వికలాంగుల భృతి మంజూరు చేసే పెద్దలారా, నాదెండ్ల పక్కన మా పల్లెలో అవిటి పిల్లలే లేరని జిల్లాకు పోయే కాయితంలో రాసింది మీరే. ఏసుప్రభువు కుంటివాణ్ణి లేపి నడిపించాడని పాదిరిగారు చెబితే, నమ్మడానికి మాకు విశ్వాసం కావలసివచ్చింది. మీరు చేసిన అద్భుతానికి అదీ అక్కరలేదు, రబ్బరు స్టాంపు చాలు. ఎట్లా చేశారో చెబుతాను, వినండి.

గ్రేసమ్మ మిరపచేలలో కూలి. మొగుడు సాగరు కాలవ మట్టిపనికి పోయాడు. కూతురు మేరీకి పసితనంలో జ్వరం తగిలి ఎడమకాలు చచ్చుబడింది. ఆ కాలితోనే దేకుతూ మిషను బడికి పోయి అయిదో తరగతి ప్యాసయింది. పై చదువుకు చిలకలూరిపేట హాస్టల్లో చోటు ఇస్తామన్నారు గానీ, తిండి ఖర్చు భృతి నుంచి రావాలి. భృతి రాకపోతే మేరీకి వేరే కొలువు సిద్ధంగానే ఉంది. మిరపకాయల తొడిమలు తుంచడానికి కల్లానికి పంపమని ఊరి రైతు అప్పుడే కబురు పెట్టాడు. కూర్చుని చేసే పనేగా, కుంటిదానికి సుఖం అన్నాడట. ఎంత దయ!

సర్కారు ఇట్లాంటి పిల్లల చదువుకు డబ్బిస్తుందని పత్రికలో చదివినవాడు మిషను బడి పంతులు దేవదాసు. చదివి ఊరుకోలేదు, ఇల్లిల్లూ తిరిగాడు. చాలామంది తల్లిదండ్రులు పిల్లల్ని లోపలికి తోసి, మా ఇంట్లో అట్లాంటి పాపం లేదని తలుపేసుకున్నారు. చివరికి ముందుకొచ్చినవాళ్లు ఇద్దరే. మేరీని తీసుకుని గ్రేసమ్మ, పుట్టుచెవిటి కొడుకు జహంగీరును తీసుకుని దూదేకుల పీర్ సాహెబ్.

జిల్లా పెద్ద డాక్టరు సర్కారు బంగళాలో మకాం చేసి పిల్లల్ని పరీక్షిస్తాడని తెలిసి, దేవదాసు ఇద్దరికీ ముందే తర్ఫీదు ఇచ్చాడు. డాక్టరు రాగానే లేచి నిలబడాలి, చేతులు జోడించాలి. మర్యాద తప్పితే సంతకం తప్పుతుందన్నది ఆయన సిద్ధాంతం. మన బడుల్లో ఏ పాఠం రాకపోయినా ఇది మాత్రం వస్తుంది.

డాక్టరు గది గుమ్మంలోకి వచ్చాడు. వరండాలో అందరూ లేచారు. మేరీ గోడ పట్టుకుని, పళ్లు బిగించి, మోకాలికి చెయ్యి ఊతమిచ్చి లేచింది. అందరూ లేవడం చూసి జహంగీరూ లేచాడు, అందరికంటే ముందు దండం పెట్టాడు.

డాక్టరు చాలా సంతోషించాడు. గుమ్మం దిగకుండానే చేతికర్ర చాపి మేరీని చూపించి, ఇది నిలబడగలదు, రాసుకో అన్నాడు. కర్ర జహంగీరు వైపు తిప్పి, వీడు నా అలికిడి విన్నాడు, రాసుకో అన్నాడు. గుమాస్తా లక్ష్మీనరసయ్య రాసుకున్నాడు. పరీక్ష అయిపోయింది. దేవదాసు ఏదో చెప్పబోతే, ఇంత వినయం గల పిల్లలకు భృతి ఎందుకయ్యా, సర్కారు సొమ్ము నిజమైన అవిటివాళ్లకు పోవద్దా అని బుద్ధి చెప్పి భోజనానికి లోపలికి వెళ్లాడు. భోంచేసి జీపెక్కితే మళ్లీ ఏడాది దాకా రాడు.

పీర్ సాహెబ్ బీడీ నలిపి పారేసి, కొడుక్కి బుద్ధులు నేర్పి చెడగొట్టుకున్నానని తిట్టుకున్నాడు. గ్రేసమ్మ మాత్రం పంతులు వైపే తిరిగింది.

"పంతులుగారూ, మీరు నేర్పిన మర్యాద నా బిడ్డ కూడు తినేసింది."

ఆమె కూతుర్ని ఎత్తుకొచ్చి, డాక్టరు జీపు దగ్గరికి దిగే మెట్ల మీద అడ్డంగా కూచోబెట్టింది, తనూ కూచుంది. పీర్ సాహెబ్ కొడుకుతో సహా వచ్చి పక్కన చేరాడు.

డాక్టరు తాంబూలం నములుతూ బయటికొచ్చాడు. మేరీ చెయ్యి దానంతటదే గోడ మీదికి పోయింది. తల్లి భుజం పట్టి నొక్కింది.

"కూచోవే."

జహంగీరు లేవబోతే తండ్రి చొక్కా పట్టి లాగాడు. దేవదాసు ఇంకా నిలబడే ఉన్నాడు. బతుకంతా పిల్లల్ని లేపినవాడు కూర్చోవడం అంత తేలిక కాదు. చివరికి పంచె దుమ్ములో పడితే పడిందని ఆయనా చతికిలపడ్డాడు.

గుమాస్తా మండిపడ్డాడు. దొరగారి ముందు కూర్చోవడానికి ఎంత పొగరు, లేవండి అని కసిరాడు.

"లేస్తే కాళ్లున్నయ్యంటారు, కూచుంటే పొగరుందంటారు. మరి మేం ఎట్టా ఉంటే మీ కాయితంలో అవిటోళ్లమవుతాం, చెప్పండి" అంది గ్రేసమ్మ. అని, కూతురి లంగా మోకాలిదాకా జరిపి, ఎండుపుల్లలాంటి ఆ కాలిని మెట్టు మీద చాపింది.

"బాబుగారూ, కర్రతో చూస్తే ఏం తెలుస్తది? చేత్తో పట్టుకు చూడండి. మాలపల్లె కాలని వెనకాడతన్నారేమో, పొద్దున్నే శుభ్రంగా కడిగే తెచ్చా."

డాక్టరు నమలడం ఆపాడు. ఆ కాలు దాటి పోవడానికి దారి లేదు, తొక్కి పోవడానికి ధైర్యం లేదు.

డాక్టరుగారూ, ఆ కర్ర పక్కన పెట్టండి. ఒక మెట్టు దిగండి. వంగి ఆ కాలు పట్టుకుని చూడండి, జహంగీరు వెనక నిలబడి పిలిచి చూడండి. పొద్దున రాసింది కొట్టేసి నిజం రాయండి. హాస్టలు తలుపులు తెరవకముందే, ఈ పూటే సంతకం పెట్టండి. తరవాత మా పల్లెకు రండి, మూసిన తలుపులు ఇంకా చాలా ఉన్నాయి.